నాది ఏ రూమ్ నెంబరమ్మా?

పద్దెనిమిది కాపీలకు మించి తీయనని సర్టిఫికెట్ మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. రెండేళ్ళు తిరక్కుండా అదే బొమ్మను ఇంకో నలభై తీశాను. అప్పుడు తప్పు చేస్తున్నానని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఇది రాయడానికి కారణం అదే.

నేను టాబ్లెట్ మీద బొమ్మలు వేస్తాను. పగలు రుషికొండ దగ్గర ఒక ఆఫీసులో యాప్‌లకు స్క్రీన్లు గీస్తాను. రాత్రి పెదవాల్తేరులో ఇంటికొచ్చాక నా సొంత బొమ్మలు. వాటిని రెండు రకాలుగా అమ్ముతాను. కొన్నింటిని 308 జీఎస్ఎం కాటన్ కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో ప్రింటు తీయించి, కింద అంచున పెన్సిల్‌తో నెంబరు వేసి ఇస్తాను. కొన్నింటికి కాగితమే ఉండదు, టెజోస్ అనే బ్లాక్‌చెయిన్ మీద టోకెన్లుగా ఉంటాయి. బ్లాక్‌చెయిన్ అంటే ఏది ఎవరిదో రాసిపెట్టే ఉమ్మడి కంప్యూటర్ చిట్టా, టోకెన్ అంటే అందులో ఒక కాపీకి ఉండే పద్దు. ఏ రకమైనా, బొమ్మ పూర్తయ్యాక ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఎన్ని?

కొనేవాళ్ళను ఈ లోకంలో కలెక్టర్లు అంటారు. మొదటిసారి ఒక బొమ్మ అమ్ముడుపోయిన రోజు మా అమ్మకు ఫోన్ చేసి "నా బొమ్మ ఒక కలెక్టర్ గారు కొన్నారమ్మా" అని చెప్పి పెట్టేశాను. సాయంత్రానికల్లా జిల్లా కలెక్టర్ గారి బంగళాలో మా అమ్మాయి బొమ్మ తగిలించారని మా పిన్నులందరికీ తెలిసిపోయింది. ఇప్పటికీ కొందరికి నేను అసలు సంగతి చెప్పలేదు.

ఆ పద్దెనిమిది కాపీల బొమ్మ పేరు "నాలుగున్నర". ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున నాలుగున్నరకు ఉండే వెలుతురు. బోట్ల మీద తెల్ల బల్బులు, పగలగొట్టిన ఐసు, తడి సిమెంటు మీద వాటి నీడలు, వెనక యారాడ కొండ నల్లగా. స్కెచ్ కోసం నాలుగు రోజులు వెళ్ళాను. మూడో రోజు ఒకావిడ బుట్ట దించి, "ఏటమ్మా, సేపలు కొనవు గానీ రోజూ బొమ్మేసుకుపోతన్నావ్" అంది. నాలుగో రోజు కిలో కానాగడతలు కొన్నాను.

పద్దెనిమిది ఎందుకు పెట్టానంటే, ఏమో. పదిహేను తక్కువనిపించింది. ఇరవై మరీ గుండ్రంగా ఉంది, లెక్క వేయకుండా పెట్టినట్టు ఉంటుంది అనిపించింది. అందుకని లెక్క వేయకుండానే పద్దెనిమిది పెట్టాను. ఏ3 సైజు, ఒక్కోటి 4,500 రూపాయలు. అన్నీ పోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

మూడో నెంబరు కాపీ ఎంవీపీ కాలనీలో ఉండే ఒక మాస్టారు కొన్నారు. కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ పిల్లల ఎగ్జిబిషన్లకు వెళ్ళి, పెన్షన్ డబ్బుల్లోంచి ఒక్కో ఎచింగ్, అంటే లోహపు పలక మీద గీసి అచ్చు తీసిన బొమ్మ, కొనుక్కొచ్చుకునే మనిషి. ఆయన ముందు గదిలో ఏటికొప్పాక బొమ్మల పక్కన ఆ ఎచింగులే ఉంటాయి. డబ్బులిచ్చేటప్పుడు ఒక్క మాట అడిగారు. "పద్దెనిమిదేనా అమ్మా, ఖాయమా?" ఖాయం మాస్టారూ అన్నాను.

తర్వాత ఒక ఇంటీరియర్ డిజైనర్ ఫోన్ చేశాడు. ఒక హోటల్లో నలభై గదులకు బొమ్మలు కావాలి, "నాలుగున్నర" నచ్చింది, కానీ పెద్దది కావాలి. నేను బుర్రలో చకచకా సర్దుకున్నాను. నేను మాటిచ్చింది ఏ3కి, ఇది 30 అంగుళాలు ఇంటూ 40. ఆకాశం రంగు కొంచెం మార్చి సాయంత్రం చేస్తే అది వేరే బొమ్మే అవుతుంది. పేరు కూడా మార్చాను, "ఆరున్నర" అని. ఒక్కోటి 3,000 చొప్పున లక్షా ఇరవై వేలు. ఆ డబ్బుతో కొన్న టాబ్లెట్ మీదే ఇప్పుడు ఇది టైపు చేస్తున్నాను.

ఏడాది తర్వాత బంధువుల పెళ్ళికి మాస్టారికి ఆ హోటల్లోనే రూమిచ్చారు. పొద్దున్నే ఫోన్. పలకరింపులయ్యాక చాలా మామూలుగా అడిగారు. "అమ్మా, ఇక్కడ గది గదికీ ఉంది. నాది ఏ రూమ్ నెంబరమ్మా?"

ఆయన కోప్పడి ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని. సైజు వేరండీ, ఆకాశం వేరండీ అని. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే నెంబరు తెలుసుకుందామన్నట్టు ఉంది.

నేను పెట్టుకున్న సాకులు కొత్తవేం కావు. అమెరికాలో రంగుల ఫొటోగ్రఫీకి కళగా గుర్తింపు తెచ్చినవాళ్ళలో ఒకరైన విలియం ఎగిల్‌స్టన్ తన పాత ఫొటోల్లో 36 ఎంచి, పెద్ద సైజులో డిజిటల్ పిగ్మెంట్ ప్రింట్లు తీయిస్తే, 2012 మార్చిలో క్రిస్టీస్ వేలంలో వాటికి దాదాపు 59 లక్షల డాలర్లు వచ్చాయి. వాటిలో కొన్ని ఫొటోలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, డై ట్రాన్స్‌ఫర్ అనే పాత పద్ధతిలో, పరిమిత ఎడిషన్లుగా, అంటే ఇన్ని కాపీలేనని లెక్క కట్టి, అమ్మినవి. ఆ పాత ప్రింట్లు ఎన్నో కొని దాచుకున్న ఒక కలెక్టర్ కోర్టుకెక్కాడు. 2013లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఆ కేసు కొట్టేసింది. కొత్తవాటి సైజు వేరు, పద్ధతి వేరు కాబట్టి అది వేరే ఎడిషనే అని.

చట్టం ఎగిల్‌స్టన్ వైపు నిలబడింది. నా మీద ఎవరైనా కేసు వేస్తే నా వైపూ నిలబడేదేమో. కానీ మాస్టారి ప్రశ్నకు ఆ తీర్పులో జవాబు లేదు. ఆయన ఏ3 సైజు కొనలేదు. ఆ తెల్లవారుజామును పద్దెనిమిది మందితో పంచుకోవడం కొన్నారు.

ఇక్కడ తెలివైన స్నేహితులు తప్పకుండా ఒక మాట అంటారు. డిజిటల్ ఫైలుకు ఎన్ని కాపీలైనా తీయొచ్చు, కొరతంతా నాటకమే, దానికింత బాధేమిటని. పాతకాలంలో బొమ్మలు అచ్చు తీసిన రాగి పలకకూ కంప్యూటర్ ఫైలుకూ తేడా లేదా అని కూడా అడుగుతారు. ఉంది, కానీ వాళ్ళు అనుకున్నంత లేదు. రాగి పలక మీద సూదితో నేరుగా గీకే డ్రైపాయింట్ పద్ధతిలో గీత పక్కన లేచే సన్నటి రాగి పొర మెత్తటి నల్లదనాన్ని ఇస్తుంది. ప్రెస్సు కింద ఇరవై ముప్పై సార్లు నలిగేసరికి ఆ పొర అణిగిపోతుంది, బొమ్మ పాలిపోతుంది. అక్కడ ఎన్ని అన్నది పలకే చెప్పేది. 19వ శతాబ్దం మధ్యలో రాగి మీద పల్చగా ఇనుప పూత వేసే పద్ధతి వచ్చింది. దాంతో ఒక్క పలక నుంచి వందలూ వేలూ తీయడం కుదిరింది. ప్రింట్ల కింద 3/50 అని, అంటే యాభైలో మూడోదని, పెన్సిల్‌తో రాయడం వాడుకగా స్థిరపడింది ఆ తర్వాతే. ఆ అంకె పక్కన సంతకం ఎందుకు వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. పలక చెప్పడం మానేశాక మనిషి చెప్పాల్సి వచ్చింది. కొందరు ఎడిషన్ అయిపోగానే పలక మీద అడ్డంగా గీత కొట్టి, అలా కొట్టినట్టు రుజువుగా ఒక ప్రింటు కూడా తీసి పెట్టేవారు.

అంటే ఎడిషన్ సంఖ్య నూటయాభై ఏళ్ళుగా ఒట్టే. కంప్యూటర్ వచ్చి చెడగొట్టిందేమీ లేదు.

బ్లాక్‌చెయిన్ వచ్చాక ఆ ఒట్టును యంత్రానికి అప్పజెప్పేశామని చాలామంది సంబరపడ్డారు, నేను కూడా. టోకెన్లను పుట్టించే ప్రోగ్రామును కాంట్రాక్టు అంటారు. అందులో యాభై అని రాస్తే యాభై ఒకటోది పుట్టదు, నిజమే. హిక్ ఎట్ నంక్ అనే టెజోస్ మార్కెట్టు 2021 మార్చిలో మొదలై అదే ఏడాది నవంబరులో ఉన్నట్టుండి మూతపడింది. సైటు పోయినా టోకెన్లు పోలేదు, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ఆ లెక్క చెక్కుచెదరలేదు. అంతవరకు గొప్ప సంగతే. కానీ అదే బొమ్మను ఆకాశం రంగు మార్చి ఇంకో కాంట్రాక్టులో పెడితే ఆపేవాడెవడు? తాళం పెట్టెకు వేశారు, పెట్టెలు చేసే వడ్రంగి మాత్రం బయటే తిరుగుతున్నాడు.

టోకెన్లలో నా మొదటి తప్పు ఆ హోటల్ తప్పుకు సరిగ్గా ఎదురుది. 2021లో అందరితో పాటు నేనూ ఎగబడ్డాను. ఆ మార్చి 11న బీపుల్ అనే డిజిటల్ ఆర్టిస్టు బొమ్మ టోకెనుగా క్రిస్టీస్‌లో 6.93 కోట్ల డాలర్లకు పోయింది. ఎక్కడ చూసినా టోకెన్లుగా పదివేల కోతుల బొమ్మలు, పదివేల ముఖాలు. ఆ పదివేలను చూసి నాకు వంద చాలా వినయమైన అంకెలా కనిపించింది. ఇక్కడ కొత్తవాళ్ళు పడే గొయ్యి ఒకటుంది, నేనూ పడ్డాను. 2017 నాటి క్రిప్టోపంక్స్ అనే టోకెన్ బొమ్మలు పదివేలంటే ఒకే బొమ్మకు పదివేల కాపీలు కావు, పదివేల వేర్వేరు ముఖాలు. అది సిరీస్. ఒకే బొమ్మకు వంద కాపీలు ఎడిషన్. ఊళ్ళో వంద ఇళ్ళు ఉండటం వేరు, ఒకే ఇంటి తాళంచెవులు వంద మందికివ్వడం వేరు.

వంద పెట్టాను, ఒక్కోటి 2 టెజ్. టెజ్ అంటే టెజోస్‌లో చెల్లే డిజిటల్ నాణెం. పదకొండు పోయాయి, ఎనభై తొమ్మిది మిగిలాయి. మిగిలితే నష్టమేముంది, ఫైలేగా, గోడౌన్ అద్దె లేదుగా అనుకున్నాను. నష్టం నాకు కాదు. కొన్న పదకొండు మందిలో ఒకతనికి డబ్బు అవసరమై తన కాపీ అమ్మకానికి పెట్టాడు, 3 టెజ్‌కు. ఎవరు కొంటారు? పక్కనే నా ఎనభై తొమ్మిది 2 టెజ్‌కు కూర్చున్నాయి. చివరికి ఒకటిన్నరకు ఇచ్చేశాడు. నా దగ్గర అమ్ముడుపోని సరుకు ఉన్నన్నాళ్ళూ, నన్ను నమ్మి ముందు కొన్నవాళ్ళకు నేనే పోటీ దుకాణం. చాలా నెలల తర్వాత ఎనభై కాపీలు బర్న్ చేశాను, అంటే ఎవరూ తిరిగి తీయలేని చిరునామాకు పంపేశాను. తగ్గించడం మాట తప్పడం కాదని నా ఉద్దేశం. తగ్గితే ముందు కొన్నవాళ్ళకు పోయేదేమీ లేదు. అయినా ఒకతను రాశాడు, "ముందే చెబితే ఇంకోటి కొనుక్కునేవాణ్ణి కదండీ" అని. అతనిదీ న్యాయమే. బర్న్ చేసేటట్టయితే రెండు వారాల ముందు చెప్పి ఒక్కసారే చేయాలని అప్పుడు నేర్చుకున్నాను.

మా ఇళ్ళల్లో పెళ్ళి కుదిరితే వంటవాళ్ళు మొదట అడిగేది "ఎన్ని ఆకులండీ?" అని. పిలిచినవాళ్ళ లిస్టు ముందేసుకుని, ఈ ఇంటి నుంచి ముగ్గురు, వాళ్ళు రారు, వీళ్ళు పిల్లలతో వస్తారు అని మా నాన్న వేలు పెట్టి లెక్కపెట్టేవాడు. గొప్ప కోసం ఎక్కువ చెప్పడు, ఆదా కోసం తక్కువ చెప్పడు. ముఖాలు గుర్తు తెచ్చుకుని లెక్కపెడతాడు. బొమ్మ ఎడిషన్‌కు నేను ఎన్నో వీడియోలు చూశాను, ఈ పద్ధతి మాత్రం తట్టలేదు.

మాస్టారి ఫోన్ తర్వాత ఒక నోట్‌బుక్ తీసి, ఇప్పటిదాకా నా దగ్గర డబ్బులిచ్చి ఏదైనా కొన్నవాళ్ళ పేర్లన్నీ రాశాను. ఇన్‌స్టాగ్రామ్‌లో నన్ను ఫాలో అయ్యేవాళ్ళు ఆరువేల మంది. నోట్‌బుక్‌లో వచ్చిన పేర్లు 31. రెండోసారి కూడా కొన్నవాళ్ళు 9. ఆ తొమ్మిది మందినీ నేను గుర్తుపట్టగలను. ఒకావిడకు నీలం అంటే పడదు. ఒకాయన భార్యకు తెలియకుండా కొంటాడు, ఆఫీసు చిరునామాకే పంపాలి. వంద, యాభై, పాతిక అని గాల్లో లెక్కలు వేసినప్పుడు ఈ మనుషులెవరూ నా కళ్ళముందు లేరు.

అయితే సరిపోయింది కదా, చిన్న అంకె పెట్టు, విలువ పెరుగుతుంది అంటారు. ఈ మాట నాకు చాలామంది చెప్పారు, చెప్పినవాళ్ళలో ఒక్కరూ నా బొమ్మ కొనలేదు. నేను ఆరో తరగతిలో వేసిన నెమలి బొమ్మ ప్రపంచం మొత్తం మీద ఒక్కటే ఉంది. మా అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద. దానికింతవరకు వేలంపాట జరగలేదు. కావాలనే రెండో మనిషి ఉన్నప్పుడే కొరతకు విలువ. ఆ రెండో మనిషి లేనప్పుడు 1/1 అంటే మిగిలిపోయిన ఒక్కటి, అంతే.

మా అమ్మది ఇంకో వాదన. "సింహాచలం అప్పన్న నిజరూపం ఏడాదికి ఒక్క రోజే చూపిస్తాడు, అందుకే చందనోత్సవానికి అంత క్యూ. నువ్వూ అలా అరుదుగా ఉండు" అంటుంది. నేను దేవుణ్ణి కాదమ్మా అన్నాను గానీ, ఆలోచిస్తే ఆ పోలికలో పనికొచ్చేది ఉంది. అక్షయ తృతీయ నాడు నిజరూపం. మిగతా రోజులంతా గుడి మూసి ఉండదు, చందనం కింద స్వామి రోజూ కనిపిస్తూనే ఉంటాడు. ఆ రోజువారీ దర్శనాలు లేకపోతే ఆ ఒక్క రోజుకు అంతమంది ఎందుకొస్తారు? నా బొమ్మలు ఆన్‌లైన్‌లో ఎవరైనా ఎప్పుడైనా ఉచితంగా చూడొచ్చు. దాచిపెడితే విలువ పెరుగుతుందనుకుని వాటర్‌మార్కులు వేసిన రోజులున్నాయి, మానేశాను. చూడటానికి అందరికీ, దగ్గర ఉంచుకోవడానికి కొందరికి.

ఇక నేను ఒప్పుకోని మాట దగ్గరికొస్తాను. చిన్న ఎడిషన్ పెట్టడాన్ని ధైర్యమని, నిజాయితీ అని పొగుడుతారు. నా దృష్టిలో అది అప్పు. ఐదే కాపీలు అని రాశానంటే, ఆరో మనిషి వచ్చినా, నలభై గదుల హోటల్ వచ్చినా, ఇంట్లో ఎవరికో ఆపరేషన్ పడినా, ఈ బొమ్మ నుంచి ఇంక ఒక్క రూపాయి తీసుకోనని రాసిచ్చినట్టు. అంకె ఎంత చిన్నదైతే అప్పు అంత పెద్దది. నెలనెలా ఈఎంఐ కట్టుకునే మనిషి మూడు కాపీలని ఒట్టు పెట్టే ముందు, ఆ ఒట్టును నిలబెట్టుకునే స్తోమత తనకుందా అని చూసుకోవాలి. నాకు లేదని ఆ హోటల్ ఫోన్ వచ్చినప్పుడు తేలింది. నాది దురాశ అనుకున్నా నాకు అభ్యంతరం లేదు, కానీ అసలు తప్పు అంతకు దాదాపు రెండేళ్ళ ముందు, లెక్క వేయకుండా పద్దెనిమిది రాసిన రాత్రే జరిగింది.

ఎందుకంటే "నాలుగున్నర" పద్దెనిమిది మంది బొమ్మ కాదు. హార్బరు, బోట్లు, కొండ. విశాఖలో పుట్టినవాళ్ళు, ఇక్కడి నుంచి వెళ్ళిపోయినవాళ్ళు, హోటల్లో రెండు రోజులుండి పోయేవాళ్ళు, ఎవరైనా గోడకు పెట్టుకోవాలనుకునే బొమ్మ అది. అలాంటిదానికి నెంబరే వేయకూడదు. సంతకం పెట్టి, తక్కువ ధరకు, అడిగినవాళ్ళకల్లా ఇవ్వాలి. మన దగ్గర దీనికి మంచి వంశమే ఉంది. రవివర్మ 1894లో బొంబాయిలో లితో ప్రెస్సు పెట్టించి లక్ష్మినీ సరస్వతినీ వేలకొద్దీ అచ్చు వేయించాడు. నెంబర్లు లేవు. మా అమ్మమ్మ ఇంట్లో దేవుడి గూట్లో ఉండేది ఆ లక్ష్మే అని, ఆ బొమ్మ వేసినవాడు ఒకడున్నాడని నాకు కాలేజీలో గానీ తెలియలేదు. ఇవాళ ఓలియోగ్రాఫులనే ఆ పాత రంగుల అచ్చు బొమ్మల కోసం వెతికి కొనేవాళ్ళున్నారు. అచ్చయినప్పుడు అవి అరుదైనవి కావు. తేమ, చెదలు, ఇళ్ళు మారడాలు కలిసి వాటిని అరుదు చేశాయి.

తేమ అంటే గుర్తొచ్చింది. ఈ ఊళ్ళో కాగితం బొమ్మలకు సముద్రమే పెద్ద శత్రువు. ఒక్క వానాకాలం చాలు, మౌంటు కింద కాగితం అలలు తిరుగుతుంది, మూలల్లో గోధుమరంగు చుక్కలు మొదలవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి ఇంట్లోకొచ్చిన నీళ్ళలో నా కాలేజీ బొమ్మల ఫోల్డరు మొత్తం ముద్దయింది. కాబట్టి కొన్నవాళ్ళ కాపీ పాడైతే ఏం చేయాలన్నది నాకు ఊహల్లో ప్రశ్న కాదు. పాత కాపీ నాకు తిరిగి ఇచ్చేస్తే, వాళ్ళ ఎదురుగా చింపేసి, అదే నెంబరుతో కొత్తది ఇస్తాను, ప్రింటు ఖర్చు మాత్రం తీసుకుంటాను. చింపకుండా ఇస్తే ఏడో నెంబరు ఇద్దరి దగ్గర ఉంటుంది. ఇది కూడా సర్టిఫికెట్ మీద ముందే రాయాలి, తర్వాత మాటగా చెబితే ఎవరూ నమ్మరు.

నెంబరు వేయకూడని బొమ్మలున్నట్టే, టోకెన్ల వైపు ఓపెన్ ఎడిషన్ ఉంది. అంకె పెట్టరు, గడువు పెడతారు. 24 గంటల్లో ఎంతమంది కొంటే అన్ని. 2023 జనవరిలో జాక్ బుచర్ అనే డిజైనరు పెట్టిన "చెక్స్" అనే బొమ్మ టోకెన్లు 8 డాలర్ల చొప్పున అలా 16,031 అయ్యాయి. అది చూసి ఆ కొన్ని నెలలూ అందరూ ఓపెన్ ఎడిషన్లే. నాకు ఆ పద్ధతి మీద కోపం లేదు. ఎన్ని ఆకులో ముందు చెప్పకుండా, పంక్తిలో కూర్చున్నవాళ్ళకల్లా వడ్డించి తలుపులేసేయడం అది, నిజాయితీగానే ఉంటుంది. చిక్కల్లా ఆ గడువులో కొనేవాడికి తను ఎన్నింట్లో ఒకటి కొంటున్నాడో తెలియకపోవడమే. అందుకని ధర టీ ఖర్చంత ఉన్నప్పుడే గడువు పద్ధతి వాడతాను. మాస్టారు 4,500 ఇచ్చేటప్పుడు మాత్రం ఎన్నింట్లో ఒకటో ఆయనకు తెలిసి తీరాలి.

పెద్ద ఎడిషన్ పెడితే తిరిగి అమ్మినప్పుడల్లా పది శాతం రాయల్టీ వస్తుంది కదా అని 2021లో అందరం లెక్కలు వేసుకున్నాం. 2022, 23ల్లో పెద్ద మార్కెట్లు ఒక్కొక్కటే రాయల్టీని కొనేవాడి ఇష్టానికి వదిలేశాయి. ఆ లెక్క మీద ఎడిషన్ కట్టొద్దు, ఇంతకంటే దాని గురించి చెప్పేదేం లేదు. పన్ను సంగతి కూడా ఒక్క ముక్కలో. 2022 ఏప్రిల్ నుంచి వర్చువల్ డిజిటల్ ఆస్తుల లాభం మీద 30 శాతం, ఆ జూలై నుంచి 1 శాతం టీడీఎస్, కొన్న ధర తప్ప ఏ ఖర్చూ మినహాయించుకోనివ్వరు. మా ఆడిటరు గారు నా టోకెన్లను అందులోకే వేశారు. యాభై కాపీల ఎడిషన్ అంటే యాభై ఎంట్రీలమ్మా అని ఒక నిట్టూర్పు కూడా వేశారు. ఆయన నిట్టూర్పు నా ఎడిషన్లను చాలా చిన్నవి చేసిందని చెబితే నవ్వకండి.

ఈ మధ్య మద్దిలపాలెంలో ఒక చెల్లి కలిసింది, ఫైన్ ఆర్ట్స్ ఆఖరి సంవత్సరం. చేతిలో టాబ్లెట్, ముఖంలో టెన్షన్. "అక్కా, ఫస్ట్ డ్రాప్ పెడుతున్నా, పది పెట్టనా పాతిక పెట్టనా?" అంది. డ్రాప్ అంటే టోకెన్ బొమ్మను అమ్మకానికి విడుదల చేయడం. ఎంతమంది అడిగారు అన్నాను. నలుగురు అంది. ఆ నలుగురి పేర్లూ చెప్పమన్నాను. ఇద్దరి పేర్లే చెప్పింది, మిగతా ఇద్దరు కామెంట్‌లో నిప్పు ఎమోజీ పెట్టారట. అయితే ఐదు పెట్టు, తర్వాత వేరే బొమ్మ వేయి అన్నాను. ఇదేమిటి, చిన్న అంకె అప్పు అని ఇప్పుడే అన్నావు కదా అంటారేమో. తనది ఒక పాడుబడ్డ మేడ బొమ్మ, అందులో తన తాతయ్య కుర్చీ. హోటళ్ళవాళ్ళు దాని కోసం ఫోన్ చేయరు. ఆ ఒట్టు తను మోయగలదు.

ఇప్పుడు నా సర్టిఫికెట్ మీద సంఖ్య పక్కన ఇంకో రెండు వాక్యాలుంటాయి. ఈ సంఖ్య అన్ని సైజులకూ, కాగితానికీ, కాన్వాసుకూ, టోకెనుకూ కలిపి. రంగులు మార్చినా, అద్దంలోలా తిప్పినా, ఒక మూల కత్తిరించినా ఇదే లెక్కలోకి వస్తుంది. నా దగ్గర ఉంచుకునే ఆర్టిస్ట్ ప్రూఫులు ఎన్నో కూడా అక్కడే. పదింటికి ఒకటి అనే పాత వాడుకే పాటిస్తున్నాను. పుస్తకంలోనో పోస్టుకార్డు మీదో అచ్చు వేసుకునే హక్కు మాత్రం నాకు ఉంచుకున్నాను, ఆ మాటా రాసే ఉంటుంది. డిజైనర్లు అడిగితే గదుల కోసం విడిగా బొమ్మలు వేస్తున్నాను, వాటికి నెంబరు లేదు, ఎవరూ మోసపోరు.

మాస్టారి దగ్గరికి ఆ నెలలోనే వెళ్ళాను. డబ్బు వెనక్కి ఇస్తానన్నాను. వద్దన్నారు. గోడ మీద నుంచి తీయలేదు కూడా. కాఫీ ఇచ్చారు. హోటల్లో ప్రింటు నలుపు సరిగా రాలేదమ్మా, బూడిదరంగు కొట్టింది అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు.

పోయిన సంక్రాంతికి ఎర్రమట్టి దిబ్బల బొమ్మ ఒకటి పూర్తి చేశాను. వాన వెలిసిన తర్వాత, భీమిలి రోడ్డు వైపు నుంచి. ఎవరికీ చెప్పకముందు ఆయనకు చూపించాను.

"ఎన్నమ్మా?" అన్నారు.

"పన్నెండు మాస్టారూ. అన్ని సైజులూ కలిపి."

కాగితం తీసుకుని ఆ రెండు వాక్యాలూ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "నాకు పన్నెండోది ఇవ్వు" అన్నారు. మంచి నెంబర్లు ముందున్నాయి, మూడోదే ఇస్తానన్నాను. వద్దన్నారు, పన్నెండోదే కావాలట, మొదటి పదకొండూ వరసగా అమ్ముడుపోయాకే డబ్బిస్తారట.

ఇప్పటికి ఏడు పోయాయి. ఆయన నెలకోసారి ఫోన్ చేస్తారు. "ఎంతవరకు వచ్చావమ్మా?"